వేగం కాదు, వేళ

ఇంటి వర్క్‌షాప్‌లోని చిన్న మిల్లింగ్ మెషీన్‌ను సీఎన్‌సీగా మార్చుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: ఏ కంప్యూటర్ కొనాలి? కొత్తది, ఖరీదైనది కొనొద్దంటాను. నా మెషీన్‌ను నడుపుతున్నది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సామాన్ల మధ్య దొరికిన మినీ ఐటీఎక్స్ బోర్డు. అటూ ఇటూ 17 సెంటీమీటర్లు, ఆటమ్ ప్రాసెసర్, ఇప్పుడెవరూ పట్టించుకోని ప్యారలల్ పోర్టు. కొత్త గేమ్ ఒక్కటి కూడా దాని మీద ఆడలేం. కానీ అల్యూమినియం ముక్కలో అడిగిన చోట, అడిగినంత లోతు గాడి తీస్తుంది.

అదెలాగో తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి. నా మెషీన్‌లో స్టెప్పర్ మోటార్ ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ ఒక్కో అడుగును ఎనిమిది చేస్తుంది కాబట్టి చుట్టుకు 1,600. ఆ చుట్టుకు బాల్‌స్క్రూ టేబుల్‌ను 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే మిల్లీమీటరుకు 320 పల్సులు, ఒక్క పల్సుకు సుమారు 3 మైక్రాన్ల కదలిక. టేబుల్ నిమిషానికి 1,500 మిల్లీమీటర్లు కదలాలంటే సెకనుకు 8,000 పల్సులు వెళ్లాలి. పల్సుకూ పల్సుకూ మధ్య 125 మైక్రోసెకన్లు. ఒకటి ఆలస్యమై, దాని వెనకది వెంటనే వచ్చి పడితే మోటార్ అడుగు తప్పుతుంది. తప్పిన సంగతి కంప్యూటర్‌కు చేరే దారి లేదు, ఇలాంటి మోటార్ నుంచి తిరిగి కబురు రాదు. అక్కడి నుంచి కోతంతా పక్కకు జరిగి, జాబ్ పాడవుతుంది.

మామూలు కంప్యూటర్‌కు ఈ వేళాపాళా పట్టదు. కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ కునుకు తీస్తుంది. వేడి సంగతో ఫ్యాన్ సంగతో చూసుకోవడానికి మదర్‌బోర్డు మధ్యలో పని ఆపించేస్తుంది, అదీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే. ల్యాప్‌టాప్‌లలో ఈ బెడద మరీ ఎక్కువ. ఎంత పనితనమున్నా చెప్పిన పొద్దుకు రాని మేస్త్రీతో ఇల్లు లేవదు.

నేను వాడేది లినక్స్‌సీఎన్‌సీ. దీని మూలం అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990లలో రూపొందించిన కంట్రోలర్ ప్రోగ్రామ్. ప్రజల సొమ్ముతో చేసింది కాబట్టి అందరికీ వదిలేశారు, ఔత్సాహికులు అందుకుని ఇంతదూరం తెచ్చారు. లినక్స్ చేత వేళకు పని చేయించే ప్రీఎంప్ట్ ఆర్‌టీ మార్పులు కూడా రెండు దశాబ్దాలు విడిగా సాగి, 2024లో 6.12 కెర్నల్‌తో అసలు లినక్స్‌లో కలిశాయి. ఇంత శ్రమ మనకు ఉచితంగా అందుతోంది. ఆ రుణం నేను మరచిపోను.

లినక్స్‌సీఎన్‌సీతోపాటే లేటెన్సీ టెస్ట్ వస్తుంది. కంప్యూటర్ ఎంత ఆలస్యం చేసిందో తెర మీద నానోసెకన్లలో చూపిస్తుంది. పరీక్ష నడుస్తుండగా కంప్యూటర్‌ను కావాలనే సతాయించాలి. సినిమా పెట్టాలి, పెద్ద ఫైళ్లు కాపీ చేయాలి, విండోలు అటూ ఇటూ లాగాలి. గంటల తరబడి అలా నడిచాక కూడా అంకె 20,000 లోపే ఉంటే మంచి బోర్డు దొరికినట్టే. లక్ష దాటితే సాఫ్ట్‌వేర్‌తో పల్సులు పుట్టించే పనికి అది కొరగాదు. అంకె తగ్గాలంటే తీసేయడమే మార్గం. బయోస్‌లోకి వెళ్లి హైపర్‌థ్రెడింగ్, విద్యుత్ ఆదా, సౌండ్, వైఫై ఒక్కొక్కటీ ఆపుతూ, ప్రతిసారీ మళ్లీ పరీక్షించాలి. ఈ పనిలో నాకు ఎక్కడ లేని తృప్తి. వంద పనులకు పుట్టిన యంత్రం ఒక్క పనికి నిలబడటం కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇంకా చిన్నదాంతోనూ పని జరుగుతుంది. ఆర్డుయినో ఊనోలో ఉన్నది 16 మెగాహెర్ట్జ్ చిప్, 2 కిలోబైట్ల ర్యామ్. గ్రబుల్ అనే ప్రోగ్రామ్ అందులో ఇమిడి మూడు యాక్సిస్‌లను నడుపుతుంది, సెకనుకు 30,000 పల్సుల దాకా ఇస్తుంది. దానికి వేరే ధ్యాస లేదు, అదే దాని బలం.

ఇక పెట్టె. అల్యూమినియం రజను కరెంటు పారే సరుకు, ఫ్యాన్ ఉంటే దాన్ని నేరుగా బోర్డు మీదికి లాగుతుంది. అందుకే నాది ఫ్యాన్ లేని మూసిన పెట్టె. బోర్డు వేడి దాని లోహపు గోడ గుండా బయటికి పోతుంది. మోటార్ తీగలూ సిగ్నల్ తీగలూ విడివిడిగా నడిపించాను, షీల్డ్‌ను ఒక కొసనే ఎర్త్ చేశాను.

అన్నిటికంటే ముఖ్యం ఎర్ర బటన్. ఎమర్జెన్సీ స్విచ్ కంప్యూటర్‌కు చెప్పి ఆపించేది కాకూడదు. నొక్కగానే డ్రైవర్లకూ స్పిండిల్‌కూ కరెంటు నేరుగా తెగాలి. పొలం మోటార్లకు ఆటో స్టార్టర్ బిగించడం మనకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. పోయిన కరెంటు తిరిగొస్తే, మనిషి మళ్లీ బటన్ నొక్కేదాకా కట్టర్ తిరగకూడదు. కాంటాక్టర్ పెట్టేది అందుకే.

ఐటీఐ, పాలిటెక్నిక్ మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. మీ ల్యాబ్‌లో మూలపడిన పాత డెస్క్‌టాప్‌లను తుక్కు కింద అమ్మేముందు పిల్లల చేత లేటెన్సీ టెస్ట్ చేయించండి. పనికొచ్చేది ఒక్కటి తేలినా దాన్ని మిల్లింగ్ మెషీన్‌కు కట్టించండి. మొదటి తీగ మాత్రం ఎర్ర బటన్‌దే కావాలి.