బొట్టు ఎండకముందే

కడిగిన కారు బానెట్ మీద ఒక్క నీటిబొట్టును అలాగే వదిలేసి చూడండి. కాసేపటికి బొట్టు పోతుంది, అది కూర్చున్న చోట గుండ్రటి తెల్ల మరక మిగులుతుంది. హైదరాబాద్‌లో బోరునీళ్ళతో కారు కడిగే ప్రతి ఇంటికీ ఈ మరక పరిచయమే. కుళాయి మూతికీ బకెట్ అంచుకూ పట్టే తెల్లటి పొర కూడా ఇదే. భూమిలోంచి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లుగా కరిగి ఉంటాయి. నీరు ఆవిరవుతున్నకొద్దీ కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, కాల్షియం కార్బొనేట్ కింద మిగులుతుంది. సున్నపురాయిలో ఉండేదీ అదే పదార్థం. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. వేరే నీరు దొరకని చోట 600 దాకా సరే అంటుంది. కాబట్టి ఆ లవణాలన్నీ నీటిలో కరిగి ఉండగానే నీటితో పాటు వాటినీ తీసేయాలి. పేరుకు కారును ఆరబెట్టడమే అయినా, అసలు పని నీటిని కారు మీద ఆరనివ్వకపోవడం.

నీటిని తీసేటప్పుడు రుద్దకూడదు. కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పలచన. కడిగినా పోని ఇసుక రేణువు ఒక్కటి గుడ్డ కింద చిక్కితే చాలు, చెయ్యి వెళ్ళిన దారంతా గీత పడుతుంది. నల్ల కారును ఎండలో నిలబెడితే కనిపించే సాలెగూడు గీతల్లో చాలావరకు ఇలా తుడిచిన చేతుల గుర్తులే.

అందుకే మంచి మైక్రోఫైబర్ గుడ్డ నిర్మాణం తెలుసుకోదగ్గది. మైక్రోఫైబర్ పోగు ఒక డెనియర్ కంటే సన్నం. తొమ్మిది కిలోమీటర్ల పోగును తూచినా ఒక గ్రాము తూగదన్నమాట. పాలిస్టర్, పాలిఅమైడ్ రెండిటినీ కలిపి ఒకే పోగుగా తీస్తారు. దాన్ని అడ్డంగా కోసి చూస్తే ఆ రెండూ నారింజ తొనల్లా పక్కపక్కనే అమరి ఉంటాయి. తర్వాత ఆ తొనలను విడదీస్తారు. వాటి మధ్య ఏర్పడిన సన్నటి సందులు దీపపు ఒత్తి నూనెను లాగినట్టు నీటిని లాగుతాయి. పాలిస్టర్ గట్టిదనం ఇస్తుంది, పాలిఅమైడ్ నీటికి త్వరగా లొంగుతుంది. ఎక్కువగా కనిపించే పాళ్ళు 80:20, 70:30. బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనర్‌లో ఈ గుడ్డను నానబెడితే ఆ సందులు పూడిపోయి, గుడ్డ నీటిని పీల్చడం మానేస్తుంది.

మా పెదనాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే, రేకులు వేడెక్కకముందే, వేపచెట్టు నీడలో కారు కడుగుతాడు. చివరి నీళ్ళకు పైపు మూతికున్న నాజిల్ తీసేస్తాడు. పైపును టాప్‌కు దగ్గరగా పట్టి, ధారను చిందకుండా నెమ్మదిగా పారనిస్తాడు. నీటికి నీరు అంటుకునే గుణం ఉంది. పారే పొర తన దారిలోని బొట్లను కలుపుకుని కిందికి జారిపోతుంది. గుడ్డ ముట్టకముందే సగం పైగా నీరు దిగిపోతుంది.

తర్వాత పెద్ద గుడ్డను కాస్త తడిపి గట్టిగా పిండుతాడు. ఎండిన గుడ్డ కంటే చెమ్మ ఉన్న గుడ్డ నీటిని త్వరగా అందుకుంటుంది. దాన్ని టాప్ మీద దుప్పటిలా పరిచి, రెండు మూలలు పట్టుకుని తనవైపు లాగుతాడు. అరచేత్తో అదమడు, గుడ్డ బరువే చాలు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు, చదరపు మీటరుకు 600 గ్రాములు తూగే గుడ్డ పొడిగా ఉన్నప్పుడే 324 గ్రాములు ఉంటుంది. టాప్ అయ్యాక అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం వరసగా వస్తాయి. టైర్లు చిమ్మిన మట్టి పట్టే కింది భాగానికి వేరే గుడ్డ. చిన్న గుడ్డను రెండు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒకటి తడవగానే ఇంకొకటి తిప్పుతాడు. నేల మీద పడిన గుడ్డను ఆ రోజుకి పక్కన పెట్టేస్తాడు.

ఇక దాక్కున్న నీరు. సైడ్ మిర్రర్ సందులో, డోర్ హ్యాండిల్ వెనక, పెట్రోల్ మూత లోపల, నంబర్ ప్లేటు కింద, వైపర్ల మొదట్లో అది కాచుకుని ఉంటుంది. డోర్లు తెరిచి గడపలూ రబ్బరు బీడింగూ అద్దుతాడు. కిటికీ అద్దం పక్కనుంచి కొంత నీరు డోర్ లోపలికి దిగుతుంది. అది కారు తయారుచేసినవాళ్ళకు తెలియనిది కాదు, దాని కోసమే డోర్ అడుగున చిన్న రంధ్రాలు ఉంచారు. పెదనాన్న వంగి, అగ్గిపుల్లతో వాటిలోని మట్టిని మెల్లగా కదుపుతాడు. లోపల నిలిచిన నీరు సన్నటి ధారగా జారుతుంది. ఆ రంధ్రం మూసుకుపోతే డోర్ లోపలినుంచే తుప్పు మొదలవుతుంది.

చివర్లో కాలనీ చుట్టూ ఒక రౌండు తిప్పుతూ రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేస్తాడు. తడిసిన బ్రేకు డిస్కులు ఆ రాపిడికి ఆరిపోతాయి. మొన్న అలా తిరిగొచ్చి కారు దిగేసరికి సైడ్ మిర్రర్ సందులోంచి ఒక చుక్క బయటికొచ్చి, తళతళలాడే డోర్ మీదికి జారింది. భుజం మీది చిన్న గుడ్డ తీసి, ఇంకా పొడిగా ఉన్న ముఖాన్ని వెతికి, ఆ చుక్కను అద్దాడు. రుద్దలేదు.