సైకిల్‌కూ ఒక చోటు

రైల్లో సైకిల్ తీసుకెళ్లొచ్చా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీదా, గండిపేట వైపూ తొక్కే కుర్రాళ్లందరికీ ఏదో ఒకరోజు అరకు ఘాట్ ఎక్కాలనో, విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే తొక్కాలనో ఉంటుంది. హైదరాబాద్ నుంచి అక్కడికి ఆరువందల కిలోమీటర్లు దాటిన దారి. అంతదూరం తొక్కుకుంటూ పోయే తీరిక ఉద్యోగస్తులకు దొరకదు. కారు వెనక తగిలించుకుని వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు, సైకిల్ కూడా మీతోపాటే అదే బండిలో దిగుతుంది. కాకపోతే ఆ ‘మీతోపాటే’ దానంతటది జరగదు. దగ్గరుండి జరిపించుకోవాలి.

పార్శిల్ ఆఫీసులో ముందు తేల్చుకోవాల్సింది, సైకిల్‌ను లగేజీగా రాయిస్తున్నామా, పార్శిల్‌గానా అన్నది. చూడ్డానికి రెండూ ఒకటే. అదే ఆఫీసు, అదే గోనెపట్టా, అదే తూకం. కానీ పార్శిల్‌కు ప్రయాణికుడితో పని లేదు. చోటు దొరికిన బండిలో ఇవాళో రేపో వెళ్తుంది. లగేజీగా రాయాలంటే మన టికెట్ చూపించాలి, సామాను మనం ఎక్కే బండిలోనే ఎక్కాలి. ‘ఈ టికెట్ మీద, ఈ బండికి, లగేజీగా’ అని నోరు తెరిచి చెప్పండి, రశీదు చేతికి రాగానే బండి నంబరు సరిచూసుకోండి. స్లీపర్ ప్రయాణికుడికి 40 కిలోల సామాను ఉచితమైనా సైకిల్‌కు అది వర్తించదు, విడిగా రుసుము కట్టాల్సిందే. బండి కదలడానికి అరగంట ముందు అప్పగిస్తే చాలునని నిబంధన. నేను మాత్రం రెండు గంటల ముందే వెళ్తాను. సామాన్ల పెట్టెలో కొంత భాగం ప్రైవేటు కాంట్రాక్టర్లకు లీజుకు పోయి ఉంటుంది, మిగిలిన చోటులోకి అట్టపెట్టెలు, పూలబుట్టలు, మోటార్ సైకిళ్లు అన్నీ పోటీకొస్తాయి. ముందొచ్చినదాని పని ముందవుతుంది.

ఇక సైకిల్‌ను సిద్ధం చేయడం. ఈ పనంటే నాకు ప్రాణం. ముందు పెడళ్లు విప్పాలి. కుడి పెడల్ అన్ని మరలలాగే అపసవ్యదిశలో తిప్పితే ఊడొస్తుంది. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, దాన్ని సవ్యదిశలో తిప్పాలి. ఆ సంగతి తెలియక బలం కొద్దీ లాగి మర పాడుచేసుకున్నవాళ్లను చూశాను. స్టెమ్ బోల్టు వదులుచేసి హ్యాండిల్‌ను అడ్డంగా లేకుండా ఫ్రేముకు వరసగా తిప్పి బిగించాలి. గేర్ల సైకిలైతే వెనక గొలుసును అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కించాలి. అప్పుడు గేర్లు మార్చే డిరైలర్ బయటికి పొడుచుకు రాకుండా చువ్వల వైపు ఒదుగుతుంది. పక్కనున్న బస్తా ఒరిగినా దానికి దెబ్బ తగలదు. టైర్లలో గాలి కొంచెం తగ్గించాలే తప్ప పూర్తిగా తీసేయకూడదు, రిమ్ము నేలకు కొట్టుకుంటుంది.

చక్రాలు విప్పాలా వద్దా అన్నదాని మీద సైకిల్ మిత్రుల్లో పెద్ద చర్చే నడుస్తుంటుంది. విప్పి, కట్టగట్టి, అట్టపెట్టెలో పెడితేనే భద్రం అంటారు చాలామంది. ఈ చర్చ నా వరకు విశాఖ స్టేషన్లో ఒక హమాలీ తేల్చేశాడు. నా సైకిల్ దించుతూ అన్నాడు: ‘సక్రాలు ఇప్పేసి తెస్తే మేం ఎత్తాలి బాబూ. ఎత్తింది ఎక్కడో ఓచోట పడేస్తాం. ఇలా తెస్తే తోసుకుపోతాం, అంతే.’ రోజూ వందల కిలోలు ఎత్తిదించే మనిషి మాట అది. ఆనాటి నుంచి చక్రాలు విప్పను, వాటికి గోనె కూడా చుట్టను. ఫ్రేముకీ, డిరైలర్‌కీ, సీటుకీ మాత్రం గోనెపట్టా చుట్టి దబ్బనంతో, పురికొసతో కుట్టిస్తాను. ఆఫీసు బయట ఆ పని చేసిపెట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతిలో దబ్బనం ఆడే వేగం చూసి తీరాలి. రెండు పొరలు కలిపి మడిచి, మడత మీద వేలెడు దూరానికో కుట్టు, ఆఖర్న పళ్లతో పురికొస తెంపడం. సైకిల్ ఎక్కడ పట్టుకుంటే ఒరగదో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. అడిగినంతా ఇచ్చేయండి, బేరమాడకండి. గోనె మీద పేరు, ఫోన్ నంబరు, రశీదు నంబరు, స్టేషన్ కోడ్‌లు మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాయించండి, అదీ రెండు వైపులా. ఖరీదైన సైకిలైతే విలువ ప్రకటించి, దానికి అడిగే అదనపు రుసుము కట్టడం మేలు.

తర్వాత నా బెర్తు ఎక్కడున్నా సరే, సామాన్ల పెట్టె ముందు నిలబడతాను. సాధారణంగా బండికి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. సైకిల్ ఏ కొసన ఎక్కుతుందో హమాలీనో, ట్రైన్ మేనేజర్‌నో అడగాలి. గార్డును 2022 నుంచి అలా పిలుస్తున్నారు. సైకిల్ లోపలికి పోయి గోడకు ఆనిందాకా కదలను. బయలుదేరే స్టేషన్ నుంచి ఆఖరి స్టేషన్ దాకా రాయించుకోమని అందరికీ చెప్పేది కూడా అనుభవంతోనే. మధ్యలో ఒక చిన్న స్టేషన్‌కు రాయిస్తే, అక్కడ బండి ఆగింది రెండు నిమిషాలు. తలుపుకి అడ్డంగా ఉన్న బస్తాలు జరిపేలోపే బండి కదిలింది. నేను ప్లాట్‌ఫాం మీద, సైకిల్ బండిలో. మర్నాటికి చేతికొచ్చింది, గీత కూడా పడలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంత శ్రమ తీరిక దొరికిన రోజు చేసే ప్రయాణానికి సరిపోతుంది. రోజూ పనికెళ్లేవాడి సంగతేమిటి? నా మనసు ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. 2003లో హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలైనప్పటి నుంచీ లింగంపల్లిలోనో, హైటెక్ సిటీలోనో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోకు రోజూ డబ్బులు పోసే సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఎంతమందో. వాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర సైకిల్ ఉంది. దాన్ని పెట్టెలో నిలబెట్టే చోటే లేదు. జిల్లాల్లో పాత ప్యాసింజర్ బండ్ల బదులు మెమూలు వచ్చాయి. వేగం పెరిగింది, సంతోషమే. కానీ ప్యాసింజర్‌కు సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్ ఉండేది, చాలా మెమూలకు అది లేదు. సైకిల్‌ను రాయించుకునే అవకాశమే పోయింది.

చోటివ్వడం కష్టమా అంటే కాదు. మా చెల్లెలు సన్నీవేల్‌లో ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసే మధ్య తిరిగే క్యాల్‌ట్రెయిన్‌లో సైకిళ్ల కోసమే వేరుగా పెట్టెలున్నాయి. 2024లో వచ్చిన కొత్త కరెంటు రైళ్లలో కూడా వాటిని తీసేయలేదు. ఎక్కిన ప్రతివాళ్లూ తమ సైకిల్‌కు దిగే స్టేషన్ పేరున్న చీటీ తగిలిస్తారట. తర్వాత ఎక్కేవాడు ఆ చీటీలు చదివి, ముందు దిగేవాడి సైకిల్‌కు అడ్డం రాకుండా తనది ఆనించి, సాగే తాడు కొక్కేనికి తగిలిస్తాడు. రుసుము లేదు, రశీదు లేదు. ఉద్యోగాలకెళ్లే మన తెలుగువాళ్లు కూడా అందులో సైకిళ్లతో కనిపిస్తారని చెల్లెలు చెబుతుంటుంది. అంతదూరం ఎందుకు, కొచ్చి మెట్రో 2020లోనే సైకిళ్లను పెట్టెలోకి రానిచ్చింది.

నా కోరిక ఒకటుంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. సొరంగాల్లోంచి, బొర్రా గుహలు దాటి, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ మీదుగా అరకు చేరుతుంది. రోడ్డేమో అరకు నుంచి అనంతగిరి మీదుగా, కాఫీ తోటల మధ్యగా, మళ్లీ శృంగవరపుకోటకే దిగుతుంది. పైకి రైలు, కిందికి సైకిల్. ఇంతకంటే బాగా కుదిరిన దారి మన రెండు రాష్ట్రాల్లో నాకు కనబడలేదు. ఘాట్ మొత్తం ఎక్కలేని అరవై ఏళ్లవాళ్లు కూడా ఆ లోయ గాలి ముఖానికి తగిలించుకుంటూ దిగొచ్చు. ఆ దారిలో కొండలు చూడాలనుకునేవాళ్ల కోసం 2017లో అద్దాల పెట్టె తగిలించారు. మంచి పని చేశారు. అదే బండిలో ఒక జనరల్ పెట్టెలో సగం సీట్లు తీసి, గోడకు కొక్కేలు కొట్టి, సైకిల్‌కు ఇంతని టికెట్ పెట్టమనండి. వారానికి ఒక్క ఆదివారం చాలు. మొదటి ఆదివారం టికెట్ కొనడానికి నేను తెల్లవారుజామునే విశాఖ స్టేషన్లో వరసలో ఉంటాను.