ఇస్లామీయ నగరాలలో వృత్తి సంఘాలు: ఆధారాల విలువ

ఇస్లామీయ నగరాల వృత్తి సంఘాలను గురించిన చర్చలో సిద్ధాంతాలకు కొరత లేదు. ఏ ఆధారం దేనిని రుజువు చేయగలదో తేల్చుకోవడంలోనే లోపం జరిగింది.

10వ శతాబ్దిలో ఖర్మతీ, ఇస్మాయీలీ ప్రచారకులు చేతిపనివారిని సంఘటితం చేశారనీ, వృత్తి సంఘాలు ఆ ఉద్యమ ఫలితమేననీ ఫ్రెంచి పండితుడు లూయీ మాసిన్యో ప్రతిపాదించాడు. బెర్నార్డ్ లూయిస్ 1937 నాటి వ్యాసంలో ఈ వాదానికి బలం చేకూర్చాడు. బస్రాలోని ఇఖ్వానుస్సఫా రచయితలు ఒక రిసాలాను చేతివృత్తులకే కేటాయించడం ఇందుకు ఒక ఆధారం. తరువాతి కాలపు సంఘాలలో కనిపించే దీక్షా విధానాలు మరొకటి.

ఈ రెండూ నిలిచేవి కావు. చేతిపనిని గౌరవించడం వేరు; పనివారికి సంఘం ఉండటం వేరు. ఇక వృత్తులతో ముడిపడిన ఫుతువ్వత్ గ్రంథాలు చాలావరకు 13వ శతాబ్దికి తరువాతివి. మంగలివారికి సల్మాన్ ఫార్సీ, దర్జీలకు ఇద్రీస్ ప్రవక్త, కమ్మరులకు దావూద్ ప్రవక్త మూలపురుషులని చెప్పే సంప్రదాయం పనివారి ఆత్మగౌరవానికి సాక్ష్యమే గాని, సంఘం పుట్టిన తేదీకి సాక్ష్యం కాదు. 1970లో వెలువడిన ఒక సంపుటిలో క్లాడ్ కాహెన్, ఎస్. ఎం. స్టెర్న్ ఈ వాదాన్ని తిరస్కరించారు. ఫుస్తాత్ గెనీజా పత్రాలను శోధించిన గోయితైన్‌కు భాగస్వామ్య ఒప్పందాలు విరివిగా దొరికాయి గాని, వృత్తి సంఘం జాడ దొరకలేదు.

అయితే ఖండన కూడా హద్దు దాటింది. స్వయంపాలక హక్కుపత్రం లేదు గనుక ఇస్లామీయ నగరంలో సమష్టి జీవనమే లేదని కొందరు తీర్మానించారు. ఐరోపా నగరాన్ని కొలబద్దగా తీసుకొన్న మాక్స్ వెబర్ ఆలోచన దీనికి మూలం. 14వ శతాబ్దిలో అనతోలియాలో పర్యటించిన ఇబ్న్ బతూతాకు అంతాలియాలో ఆతిథ్యమిచ్చినవాడు ఒక చెప్పులు కుట్టేవాడు. వివిధ వృత్తులకు చెందిన సుమారు 200 మంది అఖీ సోదరులకు అతడే పెద్ద. ఇది ఒకే వృత్తివారి సంఘం కాదు. కాని సమష్టి జీవనం లేదనే మాటకు ఇది చాలినంత సమాధానం.

ఉస్మానియా కాలానికి వచ్చేసరికి ఆధారాల స్వభావమే మారుతుంది. బుర్సా, హలబ్, కైరో, జెరూసలేం నగరాల ఖాజీ న్యాయస్థాన దస్తరాలలో షేఖుల నియామకాలు, ధరల నిర్ణయం, ముడిసరకు పంపకాలపై తగాదాలు నమోదై ఉన్నాయి. ఈజిప్టు సంఘాలను గురించి 1964లో గ్రంథం వెలువరించిన గాబ్రియేల్ బేర్, వాటిని ముఖ్యంగా ప్రభుత్వానికీ పనివారికీ నడుమ నిలిచిన పాలనా సాధనాలుగా చూశాడు. జెరూసలేం దస్తరాల ఆధారంగా 2001లో అమ్నోన్ కోహెన్ ప్రచురించిన గ్రంథం మరో కోణాన్ని చూపుతుంది. అక్కడ పనివారు తమ షేఖును తామే ఎన్నుకొని ఖాజీ ముందుకు తెచ్చేవారు, ఖాజీ ధ్రువీకరించేవాడు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు ఒకే సంఘంలో ఉన్న సందర్భాలూ ఉన్నాయి.

ఈ దస్తరాలనూ కళ్ళు మూసుకొని నమ్మరాదు. 'అందరూ సమ్మతించారు' అని రాసే లేఖకుని వాక్యం వెనుక బలవంతులైన ఉస్తాదుల ఒత్తిడి ఉండవచ్చు. న్యాయస్థానం దాకా రాని వ్యవహారం దస్తరంలోకి ఎక్కదు. ఇంట నూలు వడికే స్త్రీ, దుకాణం లేని కూలి పనివాడు అందులో అరుదుగానే కనిపిస్తారు.

ఫుతువ్వత్ గ్రంథం పనివారి ఆదర్శాన్ని చెబుతుంది. దస్తరం వారి వ్యాజ్యాన్ని చెబుతుంది. ఒకదాని సాక్ష్యాన్ని మరొకదానికి అంటగట్టినందువల్లనే ఒకప్పుడు లేని విప్లవ సంఘం పుట్టింది, మరొకప్పుడు ఉన్న సంఘం మాయమైంది. రెండింటినీ వాటి హద్దులలో చదివినప్పుడే, ఆ నగరాలను నిలబెట్టిన పనివారికి చరిత్రలో న్యాయం జరుగుతుంది.