జంటల నడుమ బుద్ధుడు

నాగార్జునకొండ మ్యూజియంలో పొడవాటి రాతి దూలాలున్నాయి. ఒకప్పుడు స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలకు అంచులుగా అమరినవి. వాటి మీద బుద్ధుని కథ ఘట్టాలు ఘట్టాలుగా సాగుతుంది. ఒక ఘట్టం ముగిసి మరొకటి మొదలయ్యే చోట శిల్పి ఉత్త గీత గీసి ఊరుకోలేదు. సన్నని నిలువు చట్రంలో ఒక స్త్రీనీ పురుషుణ్నీ నిలబెట్టాడు. ఆమె నడుము ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అతను ఏదో చెబుతున్నట్టు ఆమె వైపు వంగి ఉంటాడు. చట్రం దాటితే సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్తున్నాడు. అది దాటితే మళ్లీ ఇంకో జంట. వాళ్లకు పక్క ఘట్టం సంగతే పట్టదు. లోకం ఉన్నంత కాలం తమ మాటలు తమవి.

భిక్షువులు ప్రదక్షిణం చేసే స్తూపానికి ఈ శృంగారం ఎందుకన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. పవిత్రమైన కథకు పూసిన రంగని, దాతల ముచ్చట తీర్చడానికని సమాధానాలున్నాయి. నాకవి ఆనవు. ఆ దూలాల ముందు కాసేపు నిలబడితే తెలిసేది వేరు. ఆ జంట అంత అందంగా ఉండబట్టే పక్కనున్న నిష్క్రమణకు బరువొచ్చింది. విడిచిపెట్టినది ఎంత తీయనిదో చూపించకుండా విడిచిపెట్టడం ఎంతటిదో ఎలా చూపిస్తాడు? మహాభారతానికి శాంతమే అంగిరసమని, అంటే ప్రధాన రసమని, ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో తేల్చి చెప్పాడు. అంతకు ఆరువందల ఏళ్ల ముందే కృష్ణ ఒడ్డున పేరు తెలియని మన శిల్పులు శృంగారపు అంచున శాంతాన్ని నిలిపి చూపించారు.

ఆ నిష్క్రమణ ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. కంఠకమనే గుర్రం మీద రాజకుమారుడు. గుర్రం కాళ్ల కింద పొట్టి యక్షులు. డెక్కల చప్పుడుకు నగరం మేలుకోకూడదని ఒక్కొక్క డెక్కనూ అరచేతుల మీద మోస్తున్నారు. మొత్తం కథలో అతి నిశ్శబ్దమైన క్షణమిది. రాతిలో నిశ్శబ్దాన్ని చెక్కాలంటే ఏం చేయాలి? ఈ శిల్పి చేతులు చెక్కాడు. భారం మోస్తున్న ఆ చిన్న చేతుల్లోనే చప్పుడు ఆగిపోయింది.

నందుడి ఫలకం ఇంకో తీరు. కొత్త పెళ్లాం మీద మనసు చావక సన్యాసంలో కొట్టుమిట్టాడుతున్న తమ్ముణ్ని బుద్ధుడు ఆకాశమార్గాన ఇంద్రలోకానికి తీసుకుపోయి అప్సరసలను చూపిస్తాడు. అశ్వఘోషుడు సౌందరనందంలో సర్గలకు సర్గలు నడిపిన కథ ఇది. ఇక్కడ అంతా ఒక్క రాతిలో ఇమిడింది. అయినా నందుణ్ని చూసి మనకు నవ్వు రాదు. జాలి కలుగుతుంది. ఎగతాళికి అంత వీలున్న కథలో జాలినే ఎంచుకున్న చెయ్యి అది.

ఇదంతా చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద. లేత ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, వెలుగు పక్క నుంచి పడితే పాలలా తెల్లబడుతుంది. గ్రానైట్ ఇంత లొంగదు. వేలి గోరు, చెవి కమ్మ, నడుము మడత వరకూ ఉలిని రానిచ్చిన రాయి ఇది.

మా బోడుప్పల్ వాళ్లకు ఈ లోకం దూరమేమీ కాదు. ఉప్పల్ రింగురోడ్డు, నాగోలు, ఎల్బీ నగర్ మీదుగా సాగర్ రోడ్డెక్కి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, పెద్దవూర దాటితే నాగార్జునసాగర్ హిల్ కాలనీ. అసలు అంత దూరం పోకముందే మూసీ ఒడ్డున చైతన్యపురిలో, నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారం పేరు అందులో కనిపిస్తుంది. రోజూ ట్రాఫిక్‌లో మనం దాటే ఆ నది పక్కన ఒకప్పుడు భిక్షువులు ఉన్నారన్న మాట.

నాగార్జునకొండ లోయ మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. రాజులు యజ్ఞాలు చేశారు. ఇంటి ఆడవాళ్లు విహారాలు కట్టించారు. తొలి రాజు శాంతమూలుని చెల్లెలు శాంతిశ్రీ, మేనల్లుడు వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు: జననం, నిష్క్రమణ, బోధి, తొలి ధర్మోపదేశం, పరినిర్వాణం. వాటి మీద అక్షరాలే తప్ప అలంకారం దాదాపు లేదు. ధాతువును దాచుకున్న పెద్ద స్తూపం అంత నిరాడంబరం. దాని పునాదిని పై నుంచి చూస్తే బండిచక్రం: నడుమ ఇరుసు, ఆకులు, చుట్టూ కమ్మి. వ్యాసం సుమారు 106 అడుగులు. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపి పైన అండం కట్టారు. ధర్మచక్రం మీదే కట్టడమంతా నిలబడింది, పూర్తయ్యాక అది ఎవరి కంటికీ కనబడదు. కనబడని చోట కూడా అర్థాన్ని తప్పిపోనివ్వని ఈ నిజాయితీ ముందు నేను తల వంచుతాను.

రాజకుటుంబం బయటి స్త్రీ ఉపాసిక బోధిశ్రీ. సింహళ భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు ధర్మం చాటిన దేశాలను ఆమె శాసనం వరసగా చెబుతుంది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవనం, ద్రవిడం, తామ్రపర్ణి, ఇంకా మరికొన్ని. కృష్ణ ఒడ్డున ఒక ఇల్లాలు కొండ మీద గుడి కట్టిస్తూ ఇంత ప్రపంచాన్ని నోటినిండా పలికింది.

ఆ యవన దేశం ఇక్కడికీ వచ్చింది. రాజప్రాసాదం ఉన్నచోట దొరికిన స్తంభం మీద, కొమ్ము ఆకారపు మధుపాత్ర పట్టుకున్న ఒక పరదేశి ఉన్నాడు. గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయొనీసస్‌ని పండితులు అతనిలో గుర్తుపట్టారు. గ్రీకు దీవుల్లోని ఆర్థడాక్స్ మఠాల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ స్తంభం గుర్తొస్తుంది. పాట్మోస్ దీవిలో సెయింట్ జాన్ మఠాన్ని క్రిస్టోడూలోస్ అనే సన్యాసి 1088లో స్థాపించాడు. కియోస్ దీవిలోని నేయా మోనీలో పదకొండో శతాబ్దపు బంగారు మొజాయిక్‌లున్నాయి. అక్కడి సన్యాసులు ఏకాంతం కోసం సముద్రం దాటి దీవిని వెతుక్కున్నారు. మన విహారాలు లోయలో, నగరం పక్కన, సందడి మధ్యన పుట్టాయి. దీవి వాటికి తర్వాత వచ్చింది.

1926లో ఈ లోయ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. ఆ శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు ఆ మరుసటి ఏడాదే మొదలయ్యాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. లోయ మునుగుతుందని ముందే తేలింది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీద, కుడిగట్టున అనుపు దగ్గర తిరిగి పేర్చారు. నీళ్లొచ్చాక కొండ దీవి అయింది. మ్యూజియం ఆ దీవి మీదే ఉంది. తిరిగి పేర్చినవాటిలో పాతదనం పోయిందని పెదవి విరిచేవాళ్లున్నారు. సిమెంటు అతుకులు నాకూ కనిపిస్తాయి. కానీ వరసగా ఉన్న చిన్న చిన్న గదుల మధ్య మండపంలో నిలబడితే, ఒక మనిషి పడుకోవడానికి ఎంత చోటు చాలో ఆ కొలత మారలేదు. గడప ముందు అర్ధచంద్రాకారపు రాయి మారలేదు. మెట్టు ఎక్కేవాడి పాదానికి మెత్తగా ఆహ్వానం చెప్పే ఆ వంపే సింహళంలోనూ చంద్రశిలగా వికసించింది.

మ్యూజియంలోని నిలువెత్తు బుద్ధుడి దగ్గర నేను ఎక్కువసేపు ఆగేది ముఖం కోసం కాదు, బట్ట కోసం. కుడి భుజం విడిచి చుట్టిన చీవరం, ఒంటి మీద పలచటి గీతలుగా జారి, పాదాల దగ్గర ఒక్కసారిగా దళసరి మడతై వంపు తిరుగుతుంది. పైనంతా తేలిక, కింద బరువు. ఆ మడత వల్ల విగ్రహం నేల మీద నిలబడింది, దేవుడిలా గాలిలో తేలలేదు. అనురాధపురంలోనూ, సముద్రం దాటి ఆగ్నేయాసియాలోనూ దొరికిన పాత బుద్ధ విగ్రహాల మీద ఇదే మడత చూసినవాళ్లు ఆంధ్ర శిల్పుల చేతిని పోల్చుకుంటారు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ వాళ్లు దీవిలో ఇచ్చే సమయం తక్కువ, కాబట్టి దిగగానే తోటలోకి పోకుండా నేరుగా మ్యూజియంలోకి నడవండి. పిల్లలు వెంట ఉంటే ముందు గుర్రం డెక్కల కింద చేతుల్ని చూపించండి. పెద్దవాళ్లయితే జంటల దగ్గర మొదలుపెట్టి, దూలం పక్కనే ఒక్కో అడుగు వేస్తూ చదవండి.