ఆరు మిల్లీమీటర్ల వంపు

మా వీధిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న చుట్టాల ముందు తలుపు ఈ వానలకు వంగింది. పై మూల చౌకట్టును వదిలి బయటికొచ్చింది, గొళ్ళెం పడడం లేదు. కంపెనీ తరఫున వచ్చినాయన మూల నుంచి మూలకు దారం పట్టి కొలిచి, వంపు ఆరు మిల్లీమీటర్లు దాటలేదు కాబట్టి వారంటీ వర్తించదన్నాడు. పైగా తలుపు అడుగు అంచుకు పాలిష్ వేయించలేదట. ఆ షరతులున్న కాగితం వాళ్ల చేతికొచ్చింది తలుపు బిగించాకే. వారమంతా నాకు ఆ కోపమే.

టేకు అడవి పక్కన, చెక్కతో పేరు తెచ్చుకున్న నిర్మల్‌లో కంపెనీ తలుపు కొనడమేమిటన్నది నా పాత వాదన. ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. కర్ర గుణం వడ్లాయనకు తెలిసినట్టు కాగితానికి తెలియదని ఎన్నోసార్లు రాశాను. మన బొమ్మలనే చూడండి. నకాషీ కళాకారులు మెత్తని పొనికి చెక్కను ఎండబెట్టి, ముక్కలుగా చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతుకుతారు. ఆపైన తెల్లసుద్ద పూత, దాని మీద రంగులు. చెక్కకు గాలి తగిలే చోటు మిగలనీయరు.

తలుపుకూ కావలసింది అదే. కర్ర పొడవునా పెద్దగా పెరగదు, తరగదు. అడ్డంగానే తేమకు ఉబ్బి, ఎండకు గుంజుకుంటుంది. నిలువు పట్టీల కొసల్లో కర్ర గొట్టాలు తెరుచుకుని ఉంటాయి కనుక తేమ అక్కడి నుంచే వేగంగా ఎక్కుతుంది. ముందువైపు మెరిసేలా పాలిష్ కొట్టి, పైఅంచు, అడుగంచు పచ్చిగా వదిలేస్తే ఒక ముఖం ఒకలా, రెండో ముఖం ఇంకోలా కదులుతాయి. తలుపు మెలి తిరుగుతుంది. అంటే నన్ను మండించిన ఆ షరతు మన బొమ్మల వాళ్లు పాటించేదే. ఆరు మిల్లీమీటర్లూ కంపెనీ కల్పన కాదు. ఫ్లష్ తలుపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2202లోనూ వంపుకు అదే హద్దు.

నా చిన్ననాటి ఊళ్లో తొలకరి పడగానే వడ్లాయన రంద, ఉలి పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. బిగుసుకున్న తలుపు దించి, అంచు చిత్రిక పట్టి, మళ్ళీ ఎక్కించేవాడు. నాయన ఆయనను ‘ఏం మామా, ఈయేడు గూడ గుంజిందా’ అని పలకరించేవాడు. ‘కర్రకు పానం ఉంటది బిడ్డా’ అనేవాడాయన. నేను ఇన్నాళ్లూ పొగిడిన హామీ అదే. అయితే ఆయన రాకకు లెక్క కల్లం దగ్గర తేలేది. వడ్లు కొలిచి ఇచ్చే ఇళ్లకే ఆయన రంద వచ్చేది. భూమి లేని ఇళ్లకు వెదురు తడకే తలుపు. అక్కడ వంగడానికీ ఏం లేదు, బాగుచేయమని అడిగే హక్కూ లేదు. ఆ హామీ మాకు ఉండేది, వాళ్లకు లేదు.

కాగితం ఆ తేడా చూడదు. బిల్లు ఉన్న ఎవరైనా అడగొచ్చు. అందుకే వారంటీ వద్దని ఇక రాయను. దాన్ని గట్టిగా అమలు చేయించాలంటాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఒప్పందంలో మాటిచ్చిన నాణ్యత లేకపోయినా లోపమే. రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, చెల్లించిన ధర ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషన్ ల్యాబ్‌కు పంపగలదు. జాతీయ సహాయ నంబరు 1915.

మా చుట్టాలు తేదీ పడేలా ఫోటోలు తీసి, బిల్లు జతచేసి ఫిర్యాదు రాస్తున్నారు. అడుగు అంచు సంగతి దాచలేదు, దాచొద్దనే నేనూ చెప్పాను. కొత్త తలుపు ఒక్కటే అడిగితే చాలదని ఇంకో మాట చేర్పించాను: షరతుల కాగితం తెలుగులో, డబ్బు తీసుకోకముందే, కొనేవాళ్ల చేతిలో పెట్టాలని.