ఊరి పేరు మీద జట్టు

రహీం సాబ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత 1966లో బర్మా (నేటి మయన్మార్) గెలిచింది. 1970లో దక్షిణ కొరియాతో కలిసి మళ్లీ గెలిచింది. మన తాతలు ఓడెక్కి వెళ్లిన రంగూన్‌లో (నేటి యాంగూన్), రైల్వే స్టేషన్ దగ్గరున్న ఆంగ్ సాన్ స్టేడియం ఆ తరం ఆటను చూసింది.

అంతటి దేశంలో లీగ్ చివరికి ప్రభుత్వ శాఖల జట్ల పోటీగా మిగిలింది. ఆర్థిక శాఖ జట్టు గెలిస్తే మాండలేలో బాణసంచా ఎవరు కాలుస్తారు?

2009 మే 16న మొదలైన మయన్మార్ నేషనల్ లీగ్ తొలి సీజన్ దీనికి జవాబు. ఎనిమిది క్లబ్బులు, ఒక్కొక్కటి ఒక్కో ప్రాంతానిది. మాండలేకు యదనాబోన్, షాన్ కొండలకు కాన్‌బావ్జా, మౌల్మీన్ వైపు సదరన్ మయన్మార్. నర్గీస్ తుఫాను ఊడ్చేసి ఏడాదే అయిన ఇరావతి డెల్టాకూ ఒక జట్టు! నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఎంపికే.

కూర్పులోనూ నేర్పుంది. ఒక్కో జట్టుకు ఏడే మ్యాచ్‌లు, మొదటి నాలుగు జట్లకు సెమీఫైనల్స్. నిన్నగాక మొన్న పుట్టిన క్లబ్బుల మీద ఏడాది పొడుగు భారం పెట్టలేదు. అలాగని ఏ మ్యాచ్‌నూ తేలిగ్గా తీసుకునే వీలూ ఇవ్వలేదు. ఫైనల్లో యాంగూన్ యునైటెడ్‌ను యదనాబోన్ పెనాల్టీల్లో ఓడించింది. రాజధాని హోదా పోయినా దేశంలోకెల్లా పెద్దదైన నగరం మీద మాండలే గెలిచింది. కొత్త లీగ్‌కు ఇంతకన్నా మంచి ఆరంభం ఏముంటుంది?

పునాది గట్టిపడ్డాకే 2010లో పూర్తి లీగ్ పెట్టారు. కచిన్, కరెన్ ప్రాంతాలకూ, నేపిడాకూ చోటిచ్చి క్లబ్బులను పదకొండు చేశారు. ఆ టైటిలూ యదనాబోన్‌దే. అదే ఏడాది యాంగూన్‌లో జరిగిన ఏఎఫ్‌సీ ప్రెసిడెంట్స్ కప్ ఫైనల్లో కిర్గిజ్‌స్తాన్ జట్టు దోర్దోయ్‌ను 1-0తో ఓడించింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం కూడా ఒక శాఖ జట్టుదే. సిటీ పోలీస్ 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. కానీ వరంగల్‌కు, కాకినాడకు తమదని చెప్పుకునే జట్టేది? మన ఫుట్‌బాల్ సంఘాలు ఆ ఎనిమిది జట్ల సీజన్‌ను శ్రద్ధగా చదవాలి. జిల్లాకో జట్టు, ఏడేసి మ్యాచ్‌లతో మనమూ మొదలుపెట్టవచ్చు.