డోలిని మెచ్చారు, పాటను వినలేదు

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గోదావరి సీమ కోయ పాటను యమున ఒడ్డునున్న ఢిల్లీ గుర్తించింది. సంతోషమే. కానీ తర్వాత వచ్చిన రాతలు చాలావరకు డోలి వాద్యం దగ్గరే ఆగాయి. అరుదైనది, అంతరించిపోతున్నది అన్నారు. ఆయన పాడిందేమిటో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆయన సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. బయటివాళ్ల చెవికి ఎక్కింది తెలుగే. డోలి పాట మనకు వినోదం కాదు. వేల్పుల కొలుపులో పడిగె ముందు ఏ గట్టు ఎవరిదో, ఏ ఇంటిపేరుకు ఏ వేల్పో పాడతారు. ఎవరింటికి పిల్లనివ్వొచ్చో, ఎవరు అన్నదమ్ముల వరసో ఆ గట్టును బట్టే తేలుతుంది. అదే పాటను సభలో అయిదు నిమిషాలకు కత్తిరిస్తే భక్తిగీతం అవుతుంది. సమ్మక్క అమ్మవారిగా మిగులుతుంది, మన ఆడబిడ్డ కనిపించదు. (సన్మాన సభల్లో శాలువాకు పట్టినంత సమయం కూడా పాటకు దక్కదు.)

2024 జూన్‌లో ఆయన పోయారు. ఆయన గొంతు రికార్డులు ఉన్నాయి. వాటిలోని కోయ పాఠాన్ని ముందు రాసుకోవాలి. గట్టు పెద్దలకు వినిపించి సరిచూసుకోవాలి. తెలుగులో పాడినప్పుడు ఏం వదిలేశారో అప్పుడు మాట్లాడదాం.